రూటరుకు అద్దం పెట్టిన రోజులు

తప్పు చెయ్యడం ఎవడైనా చేస్తాడు! అదే తప్పును అదే క్షణంలో రెండు చోట్ల, పొల్లు పోకుండా చెయ్యగలగడం ఉందే, దాన్నే నాగరికత అంటారు. పాఠకులు నవ్వకూడదు. నేను చాలా బాధ్యతతో రాస్తున్నాను.

ఒంటరి తప్పును చూస్తే నాకు జాలేస్తుంది. దాన్ని దారినపోయే ప్రతివాడూ దిద్దేస్తాడు. అదే తప్పుకు ఒక కవల ఉందనుకోండి! రెండూ పక్కపక్కన నిలబడి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. ఇంక దిద్దే మొనగాడెవడు?

ఈ మహత్తర సౌకర్యానికి కంప్యూటర్ల వాళ్లు మిర్రరింగ్ అని పేరు పెట్టారు. మనం అద్దం అనుకుందాం. ఒక డిస్కు మీద ఏం రాసినా, రాసిన మరుక్షణం అది రెండో డిస్కు మీద కూడా పడిపోతుంది. ఒకటి చచ్చినా ఇంకొకటి బతికుంటుంది. ఇంత చక్కటి ఏర్పాటును అనుమానించే వాళ్లు కూడా ఉన్నారు! వాళ్ల కోసమే, రెండు వేల ఎనిమిదిలో బిలాస్‌పూర్‌లో ఒక ఆఫీసులో జరిగింది చెబుతున్నాను. ఆఫీసు పేరు అడక్కండి.

ఆ ఆఫీసులో నెట్‌వర్క్ గది కనకంది. గది అంటే ఒక ఏసీ, ఒక స్టూలు, అల్మారా అంత రూటరు. చుట్టుపక్కల కోటా, సీపత్, బోద్రీ ఊళ్లలో శాఖల కంప్యూటర్లన్నీ ఆ రూటరు ద్వారానే పెద్దాఫీసుతో మాట్లాడుకోవాలి. అది ఊపిరి బిగపడితే ఆ మూడు ఊళ్లలో కౌంటర్లన్నీ మూగబోతాయి.

కనకానికి యాభై రెండేళ్లు. తాతగారు పలాస వైపు నుంచి రైలు పట్టాల పనికి వచ్చి బిలాస్‌పూర్‌లో ఉండిపోయారు. భర్త సింహాచలం లోకో షెడ్‌లో ఫిట్టరు. ఆవిడ టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. టెలిఫోన్లు పోయి తీగలొచ్చాయి, తీగలు పోయి రూటర్లొచ్చాయి. కనకం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఫ్యాను చప్పుడు విని రూటరుకు ఒంట్లో ఎలా ఉందో చెప్పేది.

ఆవిడ మీద అధికారి విశ్వనాథం. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చాడు. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు, అందర్నీ గారూ అని పిలుస్తాడు. ఐదు రోజుల ట్రైనింగుకు వెళ్లొచ్చాడు. నేర్చుకున్నది మర్చిపోని మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది.

"కనకం గారూ, మన రూటర్లో రెండు డిస్కులున్నాయని మీకు తెలుసా?" అన్నాడు, ఆ గదిలోకి అడుగుపెడుతూనే.

"తెలుసండి. వేలెడంత ఫ్లాష్ కార్డొకటి, హార్డ్ డిస్కొకటి."

"మరి మిర్రరింగ్ ఎందుకు పెట్టలేదు?"

"ఒక్క లైను కమాండండి. పెట్టమంటే ఇప్పుడే పెట్టీగల్ను. పోతే సారూ, ఓ మాట. అద్దం ముందల కూకుని మూతికి మసి రాసుకుంటే, అద్దంలో మూతికి మాత్రం పసుపు అంటుకుంటాదేటి? అక్కడా మసే కదండీ."

విశ్వనాథం మెత్తగా నవ్వాడు. "మసి ఎందుకు రాసుకుంటాం కనకం గారూ? జాగ్రత్తగా ఉందాం!"

చూశారా, ఎంత తేలిగ్గా తేల్చేశాడో! తప్పులు చెయ్యకుండా ఉంటే తప్పులు జరగవు. ఇంత చిన్న విషయం లోకానికి ఇన్నాళ్లూ తోచలేదు.

కనకం ఆ ఒక్క లైనూ కొట్టింది. రెండు డిస్కులూ జంటగా తిరగడం మొదలుపెట్టాయి. ఆఫీసు మొత్తానికి పెద్ద అయిన పెద్దసారు వచ్చి రూటరుకు బొట్టు పెట్టి, "ఈ మిర్రరింగ్‌ను ఎప్పుడూ ఆపకండి" అని ఆశీర్వదించి వెళ్లాడు. ఆ మాట మీటింగు మినిట్స్‌లోకి ఎక్కింది.

అంతటితో ఆగితే విశ్వనాథం మామూలు అధికారి అయ్యేవాడు. ఆయన ఆలోచించాడు. డిస్కుకే జోడీ ఉన్నప్పుడు మనిషికి ఎందుకు ఉండకూడదు?

సోమవారం ఆర్డరు వచ్చింది. నెట్‌వర్క్ గదిలో కనకం రాసే రిజిస్టరును టెక్నీషియన్ చిన్నారావు ఏ రోజుకారోజు, అదే రంగు సిరాతో, రెండో రిజిస్టరులో దించాలి. రూటరుకు చెప్పిన సెట్టింగులన్నీ, నాలుగు పేజీల అంకెలు, రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. సెట్టింగు మారితే పాత కాగితం తీసి చింపేసి కొత్తది పెట్టాలి. పాతవి ఉంచితే అయోమయం కదా!

చిన్నారావుకు నలభై ఐదేళ్లు. వాళ్లదీ సిక్కోలు వైపే. కనకాన్ని అప్పా అని పిలుస్తాడు, అంటే అక్కా అని. పని వచ్చు, రాత రాదు. చేతిలో కలం పెడితే కటింగ్ ప్లేయరు పట్టుకున్నట్టు పట్టుకుంటాడు.

మొదటి వారం తనిఖీ జరిగింది. విశ్వనాథం రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. కనకం రిజిస్టరులో పదకొండో పేజీ మీద టీ మరక ఉంది.

"రెండో దాంట్లో మరక ఏదీ?" అన్నాడు.

చిన్నారావు తెల్లమొహం వేశాడు. "అది అప్ప టీ ఒలకబోసినాదండి."

"మీరెందుకు ఒలకబోయలేదు?"

అడిగినదాంట్లో తప్పేముంది? అద్దం అన్నాక మరక కూడా కనిపించాలి కదా! చిన్నారావు క్యాంటీనుకు వెళ్లి అర కప్పు టీ తెచ్చుకుని, కొలత చూసుకుని, పదకొండో పేజీ మీద పోశాడు. అది పద్నాలుగో పేజీ దాకా దిగింది. అప్పుడు రూలు ప్రకారం కనకం కూడా తన రిజిస్టరుకు ఇంకో మూడు పేజీల టీ పొయ్యాల్సి వచ్చింది.

తర్వాతి వారం కనకానికి జ్వరం వచ్చింది. సెలవు చీటీ పంపింది. విశ్వనాథం గంటసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. మొదటి డిస్కు ఆగి, రెండోది ఒక్కటే రాస్తూ పోతే రెండూ తేడా వచ్చెయ్యవా? చిన్నారావును పిలిచి, "మీరు కూడా ఇంటికి వెళ్లండి. జ్వరం సెలవు" అన్నాడు.

"నాకు జొరం లేదండి."

"సింకులో ఉండాలి చిన్నారావు గారూ, ఇద్దరూ ఒకేలా."

పదింటికే గుమ్మంలో ప్రత్యక్షమైన మొగుణ్ని చూసి చిన్నారావు పెళ్లాం అచ్చియమ్మ గుండెలు బాదుకుంది. "సస్పెండు సేసీసినారేటి?" అని కాలనీ అంతా వినపడేలా ఏడ్చింది. లేదే, నాకు జ్వరం అని ఆయన, ఒళ్లు చల్లగా ఉంటే జ్వరమేటి అని ఆవిడ. మూడు రోజులు గొడవ. నాలుగో రోజు కనకం జ్వరం తగ్గి, చిన్నారావు కూడా కోలుకున్నాడు. అయితే అవమానం పాలైన మనిషి. ఆ రోజు నుంచి రెండో రిజిస్టరును టిఫిన్ గిన్నె కింద పెట్టి, ఇంక దాని జోలికి పోలేదు. టీ మరకలు కుదిరాయన్న తృప్తితో విశ్వనాథం కూడా మళ్లీ రెండూ పోల్చి చూడలేదు.

ఈ సంగతి కనకానికి తెలియదు. ఆవిడ బెంగ వేరే ఉంది. రూటరుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలని పైనుంచి కాగితం వచ్చింది. దాంతోపాటు అన్ని ఊళ్లకూ సరిపోయేలా పెద్దాఫీసు తయారుచేసిన కొత్త సెట్టింగులు కూడా వచ్చాయి. రూటరు తయారు చేసినవాళ్లు పుస్తకంలో స్పష్టంగా రాశారు: సాఫ్ట్‌వేర్ మార్చే ముందు అద్దం తియ్యాలి. అద్దం తీసి, ఉన్నదున్నట్టు ఒక ఫోటో తీసినట్టు, మొత్తాన్ని రెండో డిస్కులో దాచాలి. దాన్ని స్నాప్‌షాట్ అంటారు. అద్దం ఉన్నంతసేపూ ఆ ఫోటో తియ్యనివ్వదు రూటరు. ఫోటో ఉంటే, మొదటి డిస్కు పాడైనా రెండోదాంతో రూటరును పాత సెట్టింగులతోనే లేపొచ్చు.

"పది నిమిషాలండి" అంది కనకం. "పది నిమిషాలు అద్దం తీసీడానికి ఒప్పుకోండి. ఫోటో తీసీసి మళ్లీ పెట్టీస్తాను."

"ఎప్పుడూ ఆపకూడదని మినిట్స్‌లో ఉంది కదండీ" అన్నాడు విశ్వనాథం. మొహంలో మాత్రం కాస్త కలత కనిపించింది. "మీరొక నోటు రాసివ్వండి. మీటింగులో పెడతాను."

ఇంటికొచ్చాక సింహాచలం అడిగాడు. "ఏటే, మొకం అలగెట్టుకున్నావు?"

కనకం అంతా చెప్పింది. ఆయన చేతికున్న గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. "నాకా రూటర్లూ గీటర్లూ తెలవ్వు. ఇంజిను పరిగెడతా ఉంటే బ్రేకు బ్లాకులు మార్చమంటన్నారు, అంతే కదా? మా షెడ్‌లో అలగ అన్నవోణ్ని ముందు డాక్టరు కాడికి అంపుతాం."

కనకం తన జాగ్రత్తలో తను పాత సెట్టింగులు నాలుగు పేజీలు విడిగా రాసుకుని సొరుగులో పెట్టుకుంది. మర్నాడు తనిఖీలో అది దొరికింది. "అద్దం అంటే రెండే కదా కనకం గారూ, మూడెందుకు?" అని విశ్వనాథం నొచ్చుకుని, ఆవిడ చేతే చింపించాడు.

మీటింగు రోజు పొడుగాటి బల్ల చుట్టూ పదకొండు కుర్చీల్లో పదకొండు మంది. గోడవార ప్లాస్టిక్ కుర్చీలో కనకం. ఆవిడ రాసిచ్చిన నోటు విశ్వనాథం ముందుంది. ఆయన దాన్ని ఒకసారి సర్దుకుని, గొంతు సవరించుకుని, నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే పెద్దసారు అన్నాడు, "మిర్రరింగ్ ఆన్‌లోనే ఉంది కదా? అచ్ఛా. ఆపే ప్రసక్తే లేదు."

పక్కాయన "ప్రసక్తే లేదు" అన్నాడు. ఆయన పక్కాయన "అసలు ప్రసక్తే లేదు" అన్నాడు. అలా మాట బల్ల చుట్టూ తిరుగుతూ విశ్వనాథం దగ్గరికి వచ్చింది. ఆయన నోరు ఇంకా తెరిచే ఉంది. "లేదు" అంది ఆ నోరు. చెయ్యి నోటును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపింది. కనకం గోడవార నుంచి అది చూసింది.

శనివారం పదకొండింటికి ముహూర్తం. సెలవు రోజున చేస్తే ఎవరు చూస్తారు? కౌంటర్ల ముందు జనం నిండుగా ఉన్న వేళ, కొబ్బరికాయ కొట్టి, లడ్డూలు పంచి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. డిస్కులో చోటు చాలలేదు. పాత ఫైళ్లు తీసెయ్యమన్నారు. "సారూ, పాత సెట్టింగులు కూడా అందులోనే ఉన్నాయండి" అంది కనకం. "రెండో డిస్కులో ఉంటాయి కదా!" అన్నారు ఎవరో లడ్డూ నములుతూ.

కనకం తీసేసింది. మొదటి డిస్కులోంచి పోయాయి. రెండో డిస్కు పాతివ్రత్యం మెచ్చుకోవాలి! కన్ను మూసి తెరిచేలోగా తనలోంచీ తీసేసింది.

కొత్త సెట్టింగులతో రూటరు లేచింది. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే ఫోను మోగింది. కోటా శాఖ. "దీదీ, బత్తీ తో హరీ హై, పర్ యహా సబ్ బంద్ హో గయా!" దీపం పచ్చగానే ఉంది, పనే ఆగింది. రెండో ఫోను సీపత్. మూడోది బోద్రీ. పెద్దాఫీసు పంపిన సెట్టింగుల్లో ఈ మూడు ఊళ్ల అంకెలూ తప్పు.

"పాతవి పెట్టెయ్యండి!" అన్నాడు పెద్దసారు.

"లేవండి" అంది కనకం.

"రెండో డిస్కులో?"

"దాంట్లోనూ ఇదే ఉందండి. ఒక్క అక్షరం కూడా తేడా లేదు."

రిజిస్టరు తెరిచారు. కనకం ఆర్డరు ప్రకారం గురువారమే పాత కాగితాలు చింపి కొత్తవి పెట్టింది. టీ మరకలు మాత్రం ఉన్నాయి. పదకొండు మందిలో పది మంది ఒకరి తర్వాత ఒకరు గదిలోంచి జారుకున్నారు. విశ్వనాథం ఒక్కడే మిగిలాడు. మూడు ఊళ్లలో జనం కౌంటర్లు బాదుతున్న చప్పుడు ఫోనులోంచి వినిపిస్తోంది.

నాలుగు పేజీల అంకెల్లో రెండు పేజీలు కనకానికి నోటికొచ్చు. మిగతా రెండూ? ఆవిడ చిన్నారావు వైపు తిరిగింది.

"నీ రిజిస్టరేదిరా?"

చిన్నారావు రెండడుగులు వెనక్కి వేశాడు. "అప్పా, నన్ను సంపీకు. దాన్ని ముట్టుకుని ఇరవై మూడు రోజులయింది."

"ఏటీ? ఇరవై మూడు రోజులా?"

"పిల్లల మీదొట్టప్పా. ఇప్పుడే కూకుని రాసీస్తాను."

"ఒరే, రాసీకు! దాని మీద సెయ్యెయ్యకు! ఇలగ తే!"

టిఫిన్ గిన్నె కిందనుంచి ఆ రిజిస్టరు బయటికొచ్చింది. పాత సెట్టింగులు నాలుగు పేజీలూ అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. కనకం దాన్ని కళ్లకద్దుకుంది. చిన్నారావు చదువుతుంటే ఆవిడ టైపు చేసింది. ఆయన రాసిన ఒకటికీ ఏడుకీ తేడా ఆయనకే తెలియదు. అందువల్ల సీపత్ మూడుసార్లు లేచి మూడుసార్లు పడింది. సాయంత్రం ఐదింటికి మూడు ఊళ్లూ మాట్లాడాయి. విశ్వనాథం స్టూలు మీద కూలబడి, మిగిలిన లడ్డూ ఒకటి తీసి చిన్నారావు చేతిలో పెట్టాడు.

పాఠకులారా, ఒక బద్ధకస్తుడు ఆఫీసును నిలబెట్టాడు! బహుమతి ఇచ్చారా? ఇంత పెద్ద ఆఫీసు అంత చిన్న పని చేస్తుందా? ఆ పదకొండు మందితోనే విచారణ కమిటీ వేశారు. చిన్నారావుకు మెమో వచ్చింది: రిజిస్టరును ఇరవై మూడు రోజులు కాపీ చెయ్యకుండా సింకు చెడగొట్టినందుకు, జ్వరం లేకపోయినా జ్వరం సెలవు వాడుకున్నందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తియ్యకూడదో చెప్పాలి. కమిటీ వాళ్లు పదకొండు సంతకాలూ చేసి, సాక్షిగా కనకాన్ని కూడా సంతకం పెట్టమన్నారు.

పెడితే ఆవిడ జోలికి ఎవరూ రారు. పెట్టకపోతే, పాత ఫైళ్లు తీసేసింది ఆవిడ చేతులే కదా, వేలు ఆవిడవైపు తిరుగుతుంది. ఆ సంగతి చిన్నారావుకూ తెలుసు. "పెట్టీ అప్పా. నీకెందుకీ గొడవ" అన్నాడు తలవంచుకుని.

కనకం కలం తీసుకుని, సంతకం చెయ్యాల్సిన చోట ఇలా రాసింది: "ఇతని రిజిస్టరు వెనకబడి ఉండబట్టే నెట్‌వర్క్ లేచింది. రూటరు పుస్తకం ముందే చెప్పింది మేమెవరం చెయ్యకపోవడం వల్ల పడింది."

వారం తిరక్కుండా ఆవిడకూ మెమో వచ్చింది. కొత్తగా రాసే ఓపిక ఎవరికుంటుంది? చిన్నారావు మెమోలో పేరు మార్చారు. ఫలితంగా అందులో ఉన్నది ఇది: శ్రీమతి కనకం, శ్రీమతి కనకం రాసిన రిజిస్టరును ఇరవై మూడు రోజులు కాపీ చెయ్యలేదు. అంతేకాదు, శ్రీమతి కనకానికి జ్వరం వచ్చినప్పుడు తనకు జ్వరం లేకపోయినా సెలవు వాడుకున్నారు.

కనకం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. సింహాచలం చేత ఒకసారి చదివించింది. ఆయన వంటింట్లో కూలబడి నవ్వాడు. తర్వాత ఆవిడ జవాబు రాసింది.

"నన్ను నేను కాపీ చేసుకోలేదన్నది నిజమే. యాభై రెండేళ్లుగా చేసుకోలేదు. ఇకముందు చేసుకోగలనని హామీ ఇవ్వలేను. నాకు జ్వరం వచ్చినప్పుడు నాకు జ్వరం లేదన్న విషయం డాక్టరుకు తెలియజేస్తాను."

ఆ జవాబు పెద్దాఫీసుకు వెళ్లింది. అక్కడ ఎవరో నిజంగానే చదివారు! ఇలాంటి ప్రమాదాలు అప్పుడప్పుడూ జరుగుతుంటాయి. ఒక మెమో నిలవనప్పుడు అదే మాటలున్న రెండోదీ నిలవదు కదా. రెండింటినీ ఉపసంహరించుకుంటున్నట్టు కాగితం వచ్చింది. ఆ వేళ అచ్చియమ్మ గిన్నెడు పాయసం పట్టుకుని కనకం క్వార్టరుకు వచ్చి, ఆవిడ చేతులు పట్టుకుని, గిన్నె అక్కడే పెట్టి వెళ్లింది.

తర్వాతి మంగళవారం మధ్యాహ్నం విశ్వనాథం నెట్‌వర్క్ గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. "పెద్దసారు రాయ్‌పూర్ వెళ్లారు. మీరడిగిన ఆ పది నిమిషాలు ఇప్పుడు తీసుకోండి."

కనకం అద్దం తీసేసింది. స్నాప్‌షాట్ మొదలుపెట్టింది. ఆయన నిలబడే ఉన్నాడు, గడియారం చూస్తూ. తొమ్మిది నిమిషాలు పట్టింది.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతేనండి."

"ఆ రోజు మీటింగులో నేను..." అని ఆగిపోయాడు.

"నోరు తెరిసినారు సారూ. నాను సూసినాను" అంది కనకం. "మాటే రాలేదు."

ఆయన రూటరు దీపాల వైపు తిరిగాడు. కనకమే అడిగింది. "అద్దం మళ్లీ పెట్టీమంటారా?"

"పెట్టాలంటారా?"

"పెట్టాలండి. డిస్కు పోతే అదే దిక్కు. దాని పని అది బాగానే సేస్తాది. ఫోటో పని దాని సేత సేయించకూడదు, అంతే."

నెల తిరిగాక మళ్లీ మీటింగు. "అద్దం తియ్యాలని అప్పుడు నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు పెద్దసారు. ఎవరూ చెప్పలేదు అన్నాడు పక్కాయన. అసలెవరూ చెప్పలేదు అన్నాడు ఆయన పక్కాయన. మాట బల్ల చుట్టూ తిరుగుతూ విశ్వనాథం దగ్గరికి వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. "కనకం గారు చెప్పారు సార్. నేనే మీకు చెప్పలేదు" అన్నాడు. పెద్దసారు ఆయన్ని చూసి, కాగితం తిప్పి, "నెక్స్ట్" అన్నాడు. నెక్స్ట్ అన్నారు మిగతా తొమ్మిది మందీ.

కాబట్టి పాఠకులారా, మిర్రరింగ్ వరమే! నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. ఆ రెండు డిస్కుల మీద ఈగ వాలినా ఊరుకోను. అవి పాపం ఒక్క లైను కమాండు కొడితే ఆగుతాయి. ఆ తొమ్మిది కుర్చీలను ఆపే కమాండు ఏ పుస్తకంలో ఉందో కనకం ఇంకా వెతుకుతూనే ఉంది.